గాలిలో ఏరును కనిపెట్టిన నెల్లూరాయన

తొలకరి మబ్బు పట్టిందంటే చాలు, ఇల్లాలి చూపు ముందుగా మేడమీదికి పోతుంది. ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన వడియాలు, మరకు పంపాల్సిన మిరపకాయలు... అన్నీ గబగబా కిందికి చేరాలి. వాన వచ్చిందన్న సంబరం ఆ తర్వాతే!

హైదరాబాదు అశోక్‌నగర్ సందుల్లో మాత్రం ఇంకో రకం హడావుడి. డాబాల మీద చదువుకుంటున్న హాస్టలు అమ్మాయిలు పుస్తకాలు గుండెకు హత్తుకుని మెట్లు దిగుతారు. గ్రూప్ వన్, గ్రూప్ టూ అంటూ ఏళ్ళ తరబడి చదివే పిల్లలు వీళ్ళు. చాలామంది వ్యవసాయం మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఇక్కడ వాన పడగానే ఊళ్ళో నాన్నకి ఫోను చేసి, అక్కడ పడిందా అని అడుగుతారు. పడితే విత్తనం మొలుస్తుంది. మొలిస్తేనే వచ్చే నెల హాస్టలు ఫీజు!

వాళ్ళు చదివే భూగోళం పుస్తకంలో రుతుపవనాల పాఠం దగ్గర ఒక పేరు కనిపిస్తుంది. పి. కోటేశ్వరం. పక్కనే 'ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం' అని ఉంటుంది. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఆ పేరు కింద ఎర్ర గీత గీసుకున్నవాళ్ళు ఎందరో. కానీ ఆయన మన నెల్లూరు మనిషేనని వాళ్ళలో ఎంతమందికి తెలుసంటారు?

నైరుతి చిన్నచూపు చూసే ఊరు

పంచేటి కోటేశ్వరం 1915 మార్చి 25న నెల్లూరులో పుట్టారు. అప్పటికి నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. నెల్లూరు వానల తీరు మన తెలంగాణ వానల్లాంటిది కాదు. జూన్‌లో దేశమంతా తడిసి ముద్దవుతుంటే అక్కడ ఎండ చిటపటలాడుతూనే ఉంటుంది. వాళ్ళకి అసలు వాన అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అదీ ఒక్కోసారి తుపానుగా మారి ఇళ్ళూ వాకిళ్ళూ ఊడ్చుకుపోతుంది. నైరుతి అంతగా కరుణించని ఊళ్ళో పుట్టిన పిల్లవాడే పెద్దయ్యాక నైరుతి రుతుపవనాల గుట్టు విప్పడం విచిత్రమే కదూ!

ఆయన భౌతికశాస్త్రం చదువుకుని భారత వాతావరణ శాఖలో చేరారు. 1875లో పుట్టిన ఆ శాఖకి మొదటి నుంచీ ఒకటే పెద్ద ప్రశ్న. ఈ ఏడు వాన వస్తుందా, రాదా? నేల మీది ఎండనీ గాలినీ కొలిచి చెప్పడానికి దశాబ్దాల తరబడి ప్రయత్నించారు. కానీ వాన సంగతులన్నీ నేల మీదే తేలవు. చాలా భాగం మబ్బుల పైన, మన కంటికి అందనంత ఎత్తున జరుగుతుంది.

బెలూన్లు చెప్పిన కబురు

పైగాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి ఆ రోజుల్లో గాలిబుడగలు వదిలేవారు. బుడగ ఎటు కొట్టుకుపోతోందో కింద నుంచి దుర్భిణి లాంటి పరికరంతో చూస్తూ లెక్క రాసుకునేవారు. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. వానాకాలం వస్తే మాత్రం బుడగ పైకెళ్ళిన కాసేపటికే మబ్బులో మాయం! అంటే ఏ కాలంలో గాలి సంగతి ఎక్కువగా తెలియాలో, సరిగ్గా ఆ కాలంలోనే తెలిసేది కాదన్నమాట.

రేడియోతో కబురు పంపే పరికరాలు వచ్చాక ఈ చిక్కు తీరింది. బుడగకి చిన్న పెట్టె కట్టి వదిలితే మబ్బు దాటి వెళ్ళినా సంకేతాలు అందుతూనే ఉంటాయి. అలాంటి పరికరాలు మన దేశంలోనే తయారయ్యేలా పూనా కార్యాలయంలో పాటుపడిన అన్నా మణి గురించి ఇక్కడ చెప్పుకోకపోతే తప్పవుతుంది. కేరళలో పుట్టిన ఆమె 1948లో ఈ శాఖలో చేరి, 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ హోదాలో రిటైరయ్యారు. ఆఫీసుల్లో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లో!

రెండో ప్రపంచ యుద్ధంలో ఎత్తున ఎగిరే విమానాలు ఒక వింత గమనించాయి. ఆకాశంలో కొన్నిచోట్ల గాలి నదిలా, సన్నటి పాయగా, మహా వేగంతో పారుతోంది. వాటికే జెట్ ప్రవాహాలని పేరు పెట్టారు. అప్పుడు తెలిసినవి పడమర నుంచి తూర్పుకు పారేవి. మన దేశం మీద చలికాలంలో అలాంటి పాయ ఒకటి ఉంది. కోటేశ్వరం, ఆయన సహచరులు మొదట దాని సంగతే పరిశీలించి 1953లో ప్రకటించారు. వేసవి ముదిరేసరికి ఆ పడమటి పాయ హిమాలయాలు దాటి ఉత్తరానికి తప్పుకుంటుంది. అది తప్పుకున్నాక మన నెత్తి మీద ఏముంటుంది?

ఈ ప్రశ్న వెంట పడ్డవారే కోటేశ్వరం. వానాకాలంలో వదిలిన బుడగల లెక్కలన్నీ పోగేసి చూస్తే వాటిలో ఇంకో పాయ బయటపడింది. ఇది తూర్పు నుంచి పడమరకు పారుతోంది! నేల నుంచి 14, 15 కిలోమీటర్ల ఎత్తున, గంటకు నూరు కిలోమీటర్లు దాటిన వేగంతో. తూర్పున ఇండోచైనా వైపు మొదలై, మన ద్వీపకల్పాన్ని దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా దాకా వెళుతోంది. వానాకాలం నాలుగు నెలలే ఉంటుంది. చలి మొదలయ్యేసరికి కనిపించదు. 1958లో స్వీడన్ నుంచి వెలువడే 'టెల్లస్' పత్రికలో ఈ తూర్పు జెట్ గురించి ఆయన రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రపంచ రుతుపవనాల మీద సదస్సు జరిగితే, అక్కడా ఆయన ఈ సంగతే వివరించారు.

ఇంకో ముచ్చట. ఆ గాలి ఏటికి నడుమభాగం మద్రాసు అక్షాంశానికి అటూ ఇటూగా ఉంటుంది. అంటే దాదాపు నెల్లూరు నడినెత్తి మీదే! చిన్నప్పుడు ఆయన ఆడుకున్న వీధుల పైనే అది అప్పుడూ పారుతూ ఉండి ఉంటుంది.

కొండలు లేచిన కథ

అంత ఎత్తున, అంత వేగంగా, తూర్పు నుంచి గాలి ఎందుకు వీస్తోంది? జవాబు కోసం ఆయన ఉత్తరాన టిబెట్ వైపు చూశారు. ఆ టిబెట్ కథ తెలియాలంటే మనం కోట్ల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు మన దేశం ఆసియాలో లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి దక్షిణాన ఒకే ముద్దగా ఉండేది. ఆ మహాఖండానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా. మన గోండుల నేల పేరే అది! అక్కడి నుంచి విడిపోయిన మన భూభాగం ఉత్తరానికి ప్రయాణం కట్టి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొట్టింది. నడుమ ఉన్న సముద్రం మూసుకుపోయింది. రెండు చేతులతో చాపను దగ్గరికి నెడితే ముడత లేచినట్టు హిమాలయాలు లేచాయి. వాటి వెనక టిబెట్ పీఠభూమి పైకి లేచింది. దాని సగటు ఎత్తు నాలుగున్నర కిలోమీటర్ల పైమాటే. వైశాల్యం 25 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇప్పటికీ మన నేల ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూనే ఉంది.

ఇప్పుడు వంటింటికి రండి. పొయ్యి మీద పెనం పెట్టారు. పెనం మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతుంది. టిబెట్ అలాంటి పెనమే. పైగా చాలా ఎత్తున పెట్టిన పెనం. వేసవి ఎండకి అది కాగి, ఆకాశం నడిమి పొరల్లోని గాలినే నేరుగా వేడెక్కిస్తుంది. పైకి లేచిన గాలి దక్షిణానికి, సముద్రం వైపు మళ్ళుతుంది. భూమి తనచుట్టూ తాను తిరగడం వల్ల, ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి పోయే గాలి నేరుగా పోలేక పడమరకి ఒంగుతుంది. అదే తూర్పు జెట్! పైన గాలి అలా సముద్రం వైపు పోతుంటే, కింద సముద్రం మీది చెమ్మగాలి నేల వైపు వస్తుంది. అదే మన నైరుతి. పైనా కిందా కలిపి ఒకే చక్రం అన్నమాట.

జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఫ్లోన్ కూడా ఆ కాలంలోనే టిబెట్ వేడి గురించి గట్టిగా చెప్పారు. వీళ్ళిద్దరి కృషితో రుతుపవనాల పాఠమే మారింది. నేల వేడెక్కితే సముద్రపు గాలి వస్తుందన్న పాత మాట తప్పు కాదు గానీ, అది సగం కథే. ఏనాడో లేచిన కొండలు కూడా మన వానకు కారణమేనన్నది మిగతా సగం.

తర్వాత వచ్చినవాళ్ళు దీని మీద వాదించుకోకుండా లేరు. టిబెట్ పెనం కన్నా హిమాలయాల గోడే ముఖ్యమని 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. ఉత్తరాది పొడిగాలి ఇటు రాకుండా ఆ గోడ అడ్డుకుంటుందనీ, అందుకే మన చెమ్మగాలి పలచబడదనీ వాళ్ళ మాట. కాదు, కొండల వాలు మీద కాగే వేడే ముఖ్యమని 2012లో చైనా శాస్త్రవేత్తలు తిప్పికొట్టారు. గోడా, పెనమా అన్న తగువు నడిచినా, కొండలు లేకపోతే మన రుతుపవనాలు ఇలా ఉండేవి కావన్న దగ్గర ఇరుపక్షాలదీ ఒకే మాట. కోటేశ్వరం చూపించిన గాలి ఏరు మాత్రం ఏటా తన వేళకి వస్తూనే ఉంది.

వాన రాని ఏడాది

ఆయన అక్కడితో ఆగలేదు. బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎప్పుడు, ఎందుకు పుడతాయో సి.ఎ. జార్జ్‌తో కలిసి 1958లోనే వివరించారు. పైగాలి చీలి ఇరువైపులా విడిపోయేచోట, కింద గాలి పైకి లాగబడి వాయుగుండం కట్టడానికి దోవ ఏర్పడుతుంది. సముద్రంలో వాయుగుండం పుట్టిందని రేడియోలో వినగానే మనం గొడుగులు వెతుక్కుంటాం కదా, దాని వెనక ఇంత కథ ఉంది. తుపానుల పైభాగం ఎలా ఉంటుందన్న దాని మీద 1967లో అమెరికా పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది.

1969లో ఆయన వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. పెద్ద కుర్చీ, పెద్ద కష్టం. 1972లో రుతుపవనాలు మొహం చాటేశాయి. దేశం మొత్తం మీద వాన దాదాపు నాలుగో వంతు తగ్గింది. బావులు ఎండిపోయాయి. బిందెలు పట్టుకుని మైళ్ళ దూరం నడిచింది ఎవరు? ఆడవాళ్ళే. కరువు పనుల్లో తట్టలు మోసిందీ వాళ్ళే. ఇలాంటి కరువు ఏళ్ళలో ఆ తూర్పు జెట్ కూడా నీరసించి ఉంటుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అంటే 15 కిలోమీటర్ల ఎత్తున గాలి నెమ్మదించిన ఏడాది, ఇక్కడ ఒక తల్లి బిందె ఖాళీ!

కారణం తెలిసినంత మాత్రాన వాన రాదు. కానీ ముందుగా తెలిస్తే మేలుకోవచ్చు. మరుసటి ఏడు, 1973లో, మన దేశమూ సోవియట్ యూనియనూ కలిసి ఓడలతో సముద్రం మీదే రుతుపవనాలను కొలిచాయి. అప్పుడు శాఖకు పెద్ద ఆయనే. ప్రపంచ వాతావరణ సంస్థ ఉపాధ్యక్షుల్లో ఒకరిగానూ పనిచేశారు. 1975లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అదే ఏడాది వాతావరణ శాఖకు నూరేళ్ళు నిండాయి, ఆయన పదవీకాలమూ ముగిసింది. 1997 జనవరి 5న, 81 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

మన నాలా, మన వాన

ఆయన పోయిన మూడేళ్ళకి, 2000 ఆగస్టు 24న, హైదరాబాదులో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. బియ్యం డబ్బాలు అటక మీదికి, పిల్లలు పక్కవాళ్ళ మేడ మీదికి... ఆనాటి సంగతి ఇప్పటికీ చెప్పుకునే ఇల్లాళ్ళు ఉన్నారు. ఆ వాన కూడా బంగాళాఖాతం నుంచి వచ్చిందే. నాలా గట్టున ఇళ్ళు కట్టడం మన తప్పు కావచ్చు గానీ, ఆ మబ్బును ఇక్కడి దాకా నడిపించిన గాలుల చక్రం కొండలంత పాతది.

ఈసారి మబ్బు పట్టినప్పుడు బట్టలు తీయడానికి మేడెక్కితే ఒక్క నిమిషం పైకి చూడండి. ఆ మబ్బు పైన, ఎక్కడో, మన కంటికి కనిపించని ఏరు పడమరకి పారుతోంది. హాస్టలు మెట్ల మీద పుస్తకం పట్టుకుని నిలబడ్డ అమ్మాయి కనిపిస్తే, కోటేశ్వరం గారు మనవాడేనమ్మా అని చెప్పండి. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే తను ఇక మరిచిపోదు. ఊళ్ళో నాన్నకి ఫోను చేసినప్పుడు, వాన ఎందుకు ఆలస్యమైందో నాలుగు ముక్కల్లో చెప్పనూ గలదు.