జాన్ హ్యూలింగ్స్ జాక్సన్

జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ (ఏప్రిల్ 4, 1835 - అక్టోబరు 7, 1911) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ నాడీవైద్యుడు. మూర్ఛవ్యాధి పరిశోధనకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు.

జీవితం

ఈయన యార్క్‌షైర్‌లో జన్మించాడు. 1862లో లండన్‌లోని క్వీన్ స్క్వేర్ జాతీయ ఆసుపత్రిలో చేరి, నాలుగు దశాబ్దాలకు పైగా సేవలందించాడు. 1865లో దగ్గరి బంధువైన ఎలిజబెత్ డేడ్‌ను వివాహమాడాడు. మెదడులో రక్తం గడ్డకట్టి ఆమె 1876లో మరణించింది. భర్త అంతకు మునుపే వర్ణించిన రకం మూర్ఛలే ఆమెకూ వచ్చాయి. వారికి సంతానం లేదు. జాక్సన్ పునర్వివాహం చేసుకోలేదు.

పరిశోధన

కొందరు రోగులలో మూర్ఛ బొటనవేలి వద్ద మొదలై, చేయి, ముఖం వరకు ఒక క్రమంలో పాకడాన్ని ఈయన గమనించాడు. మెదడు ఉపరితలంలో ఒక్కొక్క అవయవ చలనానికి ఒక్కొక్క భాగం ఉండాలని దీని ఆధారంగా ఊహించాడు. 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్‌లు కుక్కలపై జరిపిన విద్యుత్ ప్రయోగాలు దీనిని బలపరచాయి. మెదడులోని బూడిదరంగు పదార్థం నుండి హఠాత్తుగా, మితిమీరి శక్తి విడుదల కావడమే మూర్ఛ అని 1873లో నిర్వచించాడు.

చికిత్సపై ప్రభావం

1886లో అదే ఆసుపత్రిలో విక్టర్ హార్స్లీ, బాల్యంలో తలకు గాయమైన ఒక యువకుని మెదడులోని మచ్చను తొలగించగా మూర్ఛలు ఆగిపోయాయి. ఆ శస్త్రచికిత్సకు జాక్సన్ సిద్ధాంతాలు మార్గం చూపాయి. ఒక అవయవం నుండి పాకే మూర్ఛను నేటికీ జాక్సోనియన్ మూర్ఛ అంటారు.