మనసుకూ వైద్యం ఉందన్న అబూ జైద్ బల్ఖీ

ఒంట్లో జ్వరం వస్తే వెంటనే డాక్టరు దగ్గరకు వెళతాం. మనసులో దిగులు పట్టుకుంటే మాత్రం దాచిపెడతాం. మనసు జబ్బుకూ వైద్యం అవసరమని వెయ్యేళ్ల క్రితమే రాసిన ఒక ముస్లిం పండితుని జీవితాన్ని ఈ నెల పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

అబూ జైద్ అహ్మద్ బిన్ సహ్ల్ బల్ఖీ (రహ్మలై) హిజ్రీ శకం 235 (క్రీ.శ. 850) ప్రాంతంలో, నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ పట్టణానికి దగ్గర షామిస్తియాన్ అనే గ్రామంలో జన్మించారు. తండ్రి పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడు. యవ్వనంలో ఇరాక్ వెళ్లి ఎనిమిదేళ్లు ఉండి, ప్రఖ్యాత తత్వవేత్త అల్ కిందీ దగ్గర విద్య నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక వైద్యం, భూగోళం వంటి అనేక శాస్త్రాలపై గ్రంథాలు రాశారు. బల్ఖ్ పాలకుడు మంత్రి పదవి ఇవ్వజూపితే కాదని, లేఖకుని ఉద్యోగంతోనే సరిపెట్టుకున్నారు. హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో పరమపదించారు.

ఆయన రాసిన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' గ్రంథంలో మొదటి భాగం శరీరం గురించి, రెండోది మనసు గురించి. కోపం, భయం, దుఃఖం, వస్‌వాస్ (వెంటాడే చెడు ఆలోచనలు) అనే నాలుగింటినీ ఆయన విడివిడిగా వివరించారు. దుఃఖం రెండు రకాలన్నారు. ఆత్మీయులో ఆస్తో పోయినందువల్ల కలిగేది ఒకటి. ఏ కారణమూ కనిపించకుండా కమ్ముకునేది మరొకటి. ఈ రెండోదానికి మూలం శరీరంలోనే ఉంటుంది గనుక శరీరానికీ చికిత్స చేయాలన్నారు. భయాన్ని పొగమంచుతో పోల్చారు. దూరం నుంచి అది గోడలా కనిపిస్తుంది, లోపలికి నడిస్తే మామూలు గాలే. ఇంట్లో మందులు సిద్ధంగా పెట్టుకున్నట్టే, మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకోవాలని, కష్టకాలంలో అవే పనికొస్తాయని బోధించారు.

ఆలోచన తీరు మారితే మనసు కుదుటపడుతుందన్న ఈ సూత్రం మీదే 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ కాగ్నిటివ్ చికిత్సను రూపొందించారు. ఆయన బల్ఖీని చదివి చేశారని కాదు. బల్ఖీ గ్రంథపు రాతప్రతి ఇస్తాంబుల్ గ్రంథాలయంలో ఉండిపోయింది. దాని నకలు 1984లో అచ్చయింది. మనసుకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ అనువదించగా 2013లో ఇంగ్లీషులో వెలువడింది.

ఇంత రాసిన బల్ఖీకీ భయం లేకపోలేదు. బుఖారా పాలకుడు పిలిపిస్తే జైహూన్ నది దాకా వెళ్లి, ఆ అలలను చూసి వెనుదిరిగారని చరిత్రకారులు రాశారు. తన వివేకం కోసమే పిలిచి ఉంటే, ఈ నది దాటవద్దని ఆ వివేకమే చెబుతోందని కబురు పంపారట.

కొత్తచెరువు, ధర్మవరం వైపు వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు ఎన్ని ఇళ్లల్లో దిగులు గూడు కట్టుకుంటుందో మనకు తెలుసు. అలా కుంగిపోయిన అన్నను, అమ్మను ఈమాన్ తగ్గిందని నిందించడం తగదు. నమాజు, దుఆ, సబ్ర్ మనకు తోడు. వాటితోపాటు పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పడం, అవసరమైతే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లడం మన బాధ్యత. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే కదా! అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.