వయస్సు మీరిన వైమానికుడు

బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధిని పలకపై తొలి అక్షరం దిద్దిన పిల్లలు, కొంత చదువు వచ్చిన పిమ్మట తప్పక చదువదగిన పుస్తకాలలో "లిటిల్ ప్రిన్స్" ఒకటి. విమానం చెడి ఎడారిలో దిగిన వైమానికునికి చిన్న రాకుమారుడొకడు ఎదురయ్యే కథ అది. దానిని వ్రాసినవారు కూడ వైమానికులే. ఆయన ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ ద సేంట్ ఎగ్జూపరీ. 1943 ఏప్రిల్‌లో న్యూయార్కున ఆ గ్రంథం వెలువడింది. ఆ నెలలోనే రచయిత అమెరికా విడిచి ఉత్తర ఆఫ్రికాకు బయలుదేరారు. యుద్ధంలో మళ్ళీ విమానం నడపాలని ఆయన పట్టుదల. అప్పటికి వయస్సు 42.

ఆయన 1900 లో లియోన్ నగరంలో జన్మించారు. నౌకాదళ పాఠశాల ప్రవేశపరీక్షలో తప్పారు. 1921 లో సైనికసేవ చేస్తూ విమానవిద్య నేర్చి, 1926 నుండి ఆఫ్రికా తీరం వెంబడి తపాలా సంచులు మోశారు. ఆ వృత్తి ఆయనకు కీర్తినిచ్చింది, గాయాలనూ ఇచ్చింది. 1923 లోనే ఒక ప్రమాదంలో తల పగిలింది. 1935 చివర లిబియా ఎడారిలో కూలి, నీరులేక చావు అంచుదాకా పోగా, దారిన పోయే అరబ్బులు కాపాడారు. 1938 లో గ్వాటిమాలాలో విమానం నేలను విడువబోతూ కూలి, ఎముకలు అనేకచోట్ల విరిగాయి. ఆ దెబ్బలనుండి శరీరం పూర్తిగా కోలుకొననే లేదు. 1939 లో వైద్యులు యుద్ధవిమానానికి పనికిరారని తేల్చినా, పెద్దలను ఆశ్రయించి పరిశీలక దళంలో చేరారు.

1943 లో ఆయనకు దొరికినది అమెరికన్ "లైట్నింగ్". 30,000 అడుగుల ఎత్తున, ఒంటరిగా, ఆయుధం లేకుండా శత్రుభూమిని ఫోటోలు తీయాలి. అక్కడ గాలి పలుచన. ప్రాణవాయువు తగ్గితే మెదడు మందగిస్తుంది, ఆ సంగతి మనిషికి తెలియదు కూడ. వయోపరిమితి దాటిన ఈయన ఇతరుల సహాయం లేనిదే ఆ దుస్తులు తొడుగుకొనలేరు. శత్రువిమానం వస్తున్నదేమోనని ఎడమవైపు మెడ తిప్పి చూడలేరు. ఆగస్టులో దిగుతూ విమానాన్ని పాడుచేయగా, అధికారులు ఎగరరాదన్నారు.

ఆయన ఊరుకొనలేదు. కనబడిన ప్రతి సేనానినీ ప్రాధేయపడ్డారు. చివరకు జనరల్ ఈకర్ అయిదు యాత్రలకు అనుమతించారు. చాలమంది ఈ సేనానినే మెచ్చుకొంటారు. నాకు మాత్రం ఆపివేసిన అధికారులపైనే గౌరవం హెచ్చు. మహారచయితకు కాదనటం తేలిక కాదు. ఉపాధ్యాయుడు విశ్రాంతి వయస్సు దాటినా పాఠం చెప్పగలడు. మాట తడబడితే పిల్లలు నవ్వుతారు, అంతే. వైమానికుని తడబాటుకు అంత చవక వెల ఉండదు. ఈనాడు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రయాణికులను మోసే విమానచోదకులకు 65 ఏళ్ళు గరిష్ఠ పరిమితి. 60 దాటితే ఆరు నెలలకొకమారు వైద్యపరీక్ష తప్పదు.

అయిదు యాత్రలు ముగిశాయి. ఆయన మరికొన్ని చేశారు. 1944 జూలై 31 ఉదయం కోర్సికా ద్వీపంనుండి బయలుదేరి తిరిగిరాలేదు. 1998 లో మార్సే సమీపంలో ఒక జాలరి వలకు ఆయన పేరు చెక్కిన వెండి కడియం చిక్కింది. సముద్రంలో దొరికిన శకలాలు ఆయన విమానానివేనని 2004 లో నిర్ధారించారు. అది కూలిన కారణం మాత్రం ఆ ముక్కలు చెప్పలేదు.