గాలి లెక్కలు కట్టిన గిల్బర్ట్ వాకర్

హైదరాబాదునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మిద్దెమీదనైనను నిలిచి, వేసవికాలమున ఆకాశమును పరికించినచో ఒక వింత కనబడును. తెల్లవారినంతనే గద్దలు ఎత్తునకు పోవు. చెట్టుకొమ్మలపైనో, స్తంభములపైనో కూర్చుండియుండును. ఎండ ముదిరి నేల కాగిన పిదప ఒకటొకటిగా లేచి, రెక్క కదల్పకుండగనే చుట్లు తిరుగుచు, సరూర్‌నగరు చెరువు దాటి, కంటికి చుక్కవలె కనబడునంత ఎత్తునకు పోవును. రెక్క లాడింపని పక్షిని పైకెత్తుచున్న దేది?

నూరేండ్లకు పూర్వము సిమ్లా కొండలలో ఈ ప్రశ్ననే వేసికొని పక్షులను గమనించుచుండిన ఆంగ్లేయు డొకడుండెను. ఆయన పేరు గిల్బర్ట్ వాకర్. కాగిన నేలను తాకి వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచుననియు, కొండవాలును ఢీకొన్న గాలియు పైకే మరలుననియు, పక్షి ఆ గాలిపై ఎక్కి పోవుచున్నదనియు ఆయన గ్రహించెను. ఉష్ణదేశపు పక్షులు రెక్కలాడింపక ఎగురుటను గూర్చి 1923లో ఒక వ్యాసమును ప్రకటించెను. ఇది ఆయనకు విరామకాలపు వినోదము మాత్రమే. ఆయన యుద్యోగము భారతదేశపు వాతావరణ శాఖకు అధిపతిగా నుండుట.

వాకర్ 1868వ సంవత్సరము జూన్ 14వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1889లో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. అతిశ్రమవలన మరుసటి యేడే ఆరోగ్యము చెడెను. కొన్ని శీతకాలములు స్విట్జర్లండులో గడపి, మంచుపై జారుటలో నేర్పరి యయ్యెను. ఆస్ట్రేలియా ఆదిమవాసుల బూమరాంగు అనగా ఆయనకు మిక్కిలి మక్కువ. విసరిన కర్ర విసరినవాని చేతికే ఎట్లు తిరిగివచ్చునో గణితముతో తేల్చుటయే కాక, కేంబ్రిడ్జి నదీతీరమున స్వయముగా విసరుచుండెడివాడు. స్నేహితు లాయనను ‘బూమరాంగు వాకర్’ అని పిలిచెడివారు. పిల్లనగ్రోవి నిర్మాణమును గూర్చియు ఆయన పరిశోధించెను. ఇంతవరకు చదివినవారికి ఈ మనుష్యునకును వానలకును సంబంధమేమి యని తోచవచ్చును. నిజముగా నప్పటికి ఏ సంబంధమును లేదు. వాతావరణశాస్త్రమును ఆయన అభ్యసింపనే లేదు.

ఆయన నిక్కడికి రప్పించినది కరవు. తెలుగువారు ‘ధాత కరువు’ అని చెప్పుకొను 1876-78 నాటి క్షామమున దక్షిణదేశమున లక్షలకొలది జనులు మరణించిరి. వానలు తప్పునో తప్పవో ముందుగా తెలిసిన ధాన్యము సమకూర్చుకొనవచ్చునని దొరతనమువారు తలచిరి. వాతావరణ శాఖ 1875లోనే ఏర్పడియుండెను. హిమాలయములపై మంచు ఎక్కువగా పేరుకొనిన యేట వానలు తగ్గునని దాని తొలి యధిపతి బ్లాన్‌ఫర్డ్ కనిపెట్టి, 1886 నుండి ఏటేట వర్షసూచన ప్రకటింప నారంభించెను. ఆయన తరువాతివాడైన జాన్ ఇలియట్ ఆ సూచనలను పెంచి, పదుల పుటలు వ్రాసెడివాడు. 1899లో మంచి వానలు కురియునని సూచన వెలువడెను. ఆ యేడు వానలు ఘోరముగా తప్పి, క్షామము దేశమును పట్టి పీడించెను. పత్రికలు దుమ్మెత్తిపోసినవి. తరువాత కొన్నియేండ్లు సూచనలను ప్రజలకు తెలుపక దొరతనమువారు రహస్యముగా నుంచిరి. ఇలియట్ తన వెనుక రాదగినవాడు గణితవేత్తయై యుండవలెనని భావించెను. ఆవిధముగా 1904లో వాకర్ ఆ పీఠమెక్కెను.

వాకర్ మొదట చేసినది కారణములు చెప్పుట మానుట. మంచువలన వాన తగ్గునా, సూర్యునిపై మచ్చలవలన తగ్గునా అని వాదింపక, లోకమందలి అనేక స్థలముల గాలిపీడనము, ఉష్ణము, వాన వీని పట్టికలను తెప్పించెను. ఒక చోట పీడనము పెరిగిన యేట మరియొక చోట వాన పెరిగినదా, తగ్గినదా? అది ఎన్ని యేండ్లు నిజమైనది, ఎన్ని యేండ్లు తప్పినది? ఇట్లు జతజతలుగా లెక్క కట్టవలసియుండెను. ఆనాడు గణన యంత్రములు నేటివలె లేవు. కార్యాలయమందలి భారతీయ గుమాస్తాలు ఏండ్లతరబడి కాగితములపై ఈ లెక్కలు చేసిరి. వారి శ్రమ లేనిచో వాకర్ పేరు నేడు వినబడెడిది కాదు. 1909 నాటికి హిమాలయపు మంచు, మారిషస్ ద్వీపపు పీడనము, దక్షిణ అమెరికా పీడనము, జాంజిబారు వాన అను నాలుగింటినుండి మన వానలను లెక్కించు సూత్ర మొకటి ఏర్పడెను.

ఇంతలో హైదరాబాదున ఘోరవిపత్తు సంభవించెను. దిల్‌సుఖ్‌నగర్‌నుండి చాదర్‌ఘాట్ పోవువారు దాటెడు మూసీ వేసవిలో సన్నని కాలువవలె నుండును. 1908 సెప్టెంబరు 28వ తేదీన అది ఇరుదరులను ముంచి నగరముపై బడెను. పై ప్రాంతమున శంషాబాదులో ఒక్కదినమున 12.8 అంగుళముల వాన కురిసెను. పరివాహక ప్రదేశమందలి చెరువులు 200కు పైగా తెగినవి. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. వాకర్ పట్టికలు వీరి కేమియు సాయపడలేదు, సాయపడజాలవు కూడ. ఋతువంతయు వానలు ఎట్లుండునో చెప్పుట వేరు, రేపు ఫలానా యూర ఎంత కురియునో చెప్పుట వేరు. రెండవదానికి మేఘములున్న యెత్తున గాలి ఎట్లు కదలుచున్నదో తెలియవలెను. నేలమీది పరికరము లంతదూరము చూడజాలవు.

1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుండి యమున కావలనున్న నైనీకి విమానముపై ఉత్తరములు చేరినవి. గాలిలో పోవు మానవునకు గాలి సంగతి తెలియక తప్పని దినములు వచ్చినవి. వాకర్ కాలముననే, 1914లో, ఆగ్రాలో పైగాలుల పరిశోధనాలయము వెలసెను. జలవాయువు నింపిన బుడగను వదలి, కోణములు కొలుచు దుర్బిణితో దానిని వెంబడించి, ఏ యెత్తున గాలి ఏ దిక్కునుండి, ఎంత వేగముతో వీచుచున్నదో అచ్చట లెక్క కట్టుచుండిరి.

నేడు విమానము నడుప నేర్చుకొను విద్యార్థి యంత్రమును ముట్టుటకు ముందు వాతావరణ నివేదికను చదువును. గాలి దిక్కు, వేగము, ఎంతదూరము కంటికి కనబడును, మేఘములు ఎంత యెత్తున నున్నవి, ఉష్ణమెంత, గాలిలోని తేమ ఏ ఉష్ణమున మంచుబిందువుగా మారును, పీడనమెంత అను సంగతులు అందుండును. ఉష్ణమును, మంచుబిందువు ఉష్ణమును దగ్గరపడుచున్నచో పొగమంచు కమ్మవచ్చునని అతడు జాగరూకుడగును. పీడనము మరింత ముఖ్యము. విమానమందలి ఎత్తుకొలత పరికరము నిజమునకు పీడనమునే కొలుచును. పీడనము తక్కువగానున్న ప్రాంతమునకు పోయినప్పుడు దానిని సరిదిద్దుకొననిచో, 10 మిల్లీబారుల తేడాకు సుమారు 80 మీటర్లు తప్పు చూపును. విమానము నిజముగా నున్న దానికంటె ఎత్తున నున్నట్లు కనబడును. చీకటిలో, కొండలనడుమ ఆ 80 మీటర్లు ప్రాణముల వెల.

ఆ పీడనపు అంకెలలోనే వాకర్ తన పెద్ద రహస్యమును చూచెను. పసిఫిక్ మహాసముద్రపు తూర్పుభాగమున పీడనము హెచ్చినప్పుడు హిందూమహాసముద్రమున తగ్గును. అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ హెచ్చును. ఏతపుమాను ఒక కొన లేచిన రెండవ కొన వంగునట్లు, వేలకొలది మైళ్ల యెడమున్న రెండు సముద్రములు ఊగుచున్నవి. 1923, 1924 సంవత్సరములలో వెలువరించిన వ్యాసములలో దీనికి ‘దక్షిణ డోలనము’ అని పేరిడెను. ఇది ఎందువలన జరుగుచున్నదో మాత్ర మాయన చెప్పలేకపోయెను. కారణము తెలియనిదే ఈ అంకెల పొంతన యాదృచ్ఛికము కాదని ఎట్లు నమ్ముదుమని పలువురు శాస్త్రజ్ఞులు సందేహించిరి. సందేహము సమంజసమైనదే. పై సూత్రమందలి పొంతనలు కొన్ని తరువాతి యేండ్లలో బలహీనపడినవి కూడ.

1924లో వాకర్ ‘సర్’ బిరుదముతో ఉద్యోగము విరమించి, లండనులోని ఇంపీరియల్ కళాశాలలో 1934 వరకు ఆచార్యుడుగా నుండెను. ఏ వానలను ముందుగా చెప్పుటకై ఆయన భారతదేశమునకు వచ్చెనో, ఆ వానలను నమ్మదగినట్లు చెప్పు సూత్రము చిక్కకయే 1958 నవంబరు 4వ తేదీన, 90 ఏండ్ల వయసున ఆయన కన్నుమూసెను.

పదునొకండేండ్లు గడచినవి. 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు వాకర్ చెప్పలేకపోయిన కారణమును బయటపెట్టెను. పసిఫిక్ సముద్రజలము తూర్పున వేడెక్కుటయు, చల్లబడుటయు ఆ సముద్రముమీది గాలి చుట్టును మార్చుచున్నదనియు, పెరూ జాలరులు ‘ఎల్ నినో’ అని పిలిచెడి వేడినీరును, దక్షిణ డోలనమును ఒకదానితో నొకటి ముడిపడియున్నవనియు తేల్చి, ఆ గాలిచుట్టునకు వాకర్ పేరు పెట్టెను. ఇప్పుడు ఏటేట ఏప్రిల్ మాసమున మన వాతావరణ శాఖ వానాకాలపు సూచన వెలువరించునప్పుడు పసిఫిక్ జలముల స్థితిని విచారింపక మానదు. 1908లో ఆ కుండపోత వాన కొలతకు వచ్చిన శంషాబాదునందు 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైనది. గాలి, మేఘము, పీడనముల నివేదిక అచ్చటినుండి రేయింబవళ్లు వెలువడుచున్నది.