జగదీశచంద్ర బోసు

1895వ సంవత్సరమున కలకత్తా టౌనుహాలులో నొక వింత జరిగెను. ఒక యంత్రమునుండి విద్యుత్తరంగములు బయలుదేరి, తీగ యేదియు లేకయే, గోడలను దాటి, 75 అడుగుల దూరమున గంటను మ్రోగించెను, తుపాకిమందును ప్రేల్చెను. దారిలో నున్న లెఫ్టినెంటు గవర్నరుగారి దేహము సైతము వానికి అడ్డు కాజాలకపోయెను. ఆ ప్రయోగమును చేసినవాడు జగదీశచంద్ర బోసు.

ఆయన 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రుడు ప్రభుత్వోద్యోగియైనను, కుమారుని ఆంగ్లపాఠశాలకు పంపక మాతృభాషలో చదివించెను. ఆ బడిలో జగదీశుని సరసన తండ్రి బంట్రోతు కొడుకును, ఒక జాలరి కొడుకును కూర్చుండెడివారు.

కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1885లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడాయెను. అచట తెల్లవారి కొక జీతము, భారతీయులకు అంతకంటె తక్కువ. బోసు పని మానలేదు, జీతమును ముట్టనులేదు. తండ్రి అప్పులు నెత్తిపై నుండగా మూడేండ్లు ఊరకే పాఠములు చెప్పెను. ఎంత కష్టమైన పట్టుదల! తుదకు అధికారులే దిగివచ్చి, పూర్తి జీతమును వెనుకటి బాకీతో సహా చెల్లించిరి.

ప్రయోగశాల యన్నది పేరునకే. అది యొక చిన్న గది. పరికరములను చేసిపెట్టినవాడు శిక్షణ లేని యొక తగరపు పనివాడు. రైలువేళల పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులు దూర్చి, దానినే యొక పరికరముగా వాడుకొనెను. అచట పుట్టిన తరంగముల పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. పిదప ఆయన మొక్కల జీవలక్షణములను పరిశోధించి, 1917లో బోసు పరిశోధనాలయమును స్థాపించి, 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో కన్నుమూసెను.

నేటి సెల్‌ఫోను తరంగములు ఆ జాతివే, కాని పొడవైనవి. దేహము వాని శక్తిని కొంత పీల్చుకొని రవంత వెచ్చబడును. అందుచేత దాని కొక హద్దు అవసరమైనది. తలలోని యే యొక్క గ్రాము కణజాలమైనను గ్రహించు శక్తి, కిలోగ్రాము లెక్కను 1.6 వాట్లకు మించరాదని 2012 సెప్టెంబరు 1 నుండి భారతదేశమున నియమ మేర్పడెను. 2015లో సత్యవేడు ప్రాంతపు శ్రీసిటీలో ఫోనుల తయారీ ఆరంభమైనపుడు, అచటి ఫోనులును ఆ హద్దునకు లోబడవలసినవే. టౌనుహాలునాటికి అట్టి కొలతయే లేదు; గవర్నరుగారి దేహము ఎంత శక్తిని పీల్చుకొనెనో లెక్కగట్టినవారు లేరు.