మెట్రిక్ తప్పిన కుర్రాడు, వారానికోసారి వేసే బిళ్ల

రుమటాయిడ్ కీళ్లవాతానికి డాక్టర్లు రాసే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. చిన్న బిళ్లే. కానీ దాన్ని రోజూ వేసుకోకూడదు, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుళ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. ఈ తప్పు ప్రపంచమంతటా జరుగుతూనే ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరుకో చెన్నైకో పోయి చూపించుకుని, చీటీతో తిరిగొచ్చిన పెద్దవాళ్లకి ఇంట్లో ఆ ఇంగ్లీషు చదివిపెట్టేది చాలాసార్లు మీరే. అందుకే ఈ మందు, దాని వెనకున్న మనిషి సంగతి మీకు తెలియాలి. ఆ మనిషి మనవాడే, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడో ప్రయత్నంలో, అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి, గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్లినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. ఫలితం: ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సర్టిఫికెట్‌తో సర్కారు కొలువు రాలేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకుంటూ ఉండిపోయారు. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. మందు లేక పోయారన్న బాధ ఆయన్ని వదల్లేదు.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ముతో 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. మీలో బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి ల్యాబులో చేసే ఉంటారు. తర్వాత ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా గుర్తించాడు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి మారారు. నన్నడిగితే ఆయన అసలు జీవితం అక్కడే మొదలైంది.

అమెరికాలో మందుల కంపెనీలకి అప్పుడప్పుడే ముక్కుతాడు పడుతోంది. 1937లో సల్ఫానిలమైడ్‌ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి తియ్యటి సిరప్‌గా అమ్మితే వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. ఆ ద్రావకం విషమని ఎవరూ పరీక్షించలేదు, పరీక్షించమని చట్టమూ లేదు. 1938 చట్టంతో అమ్మకానికి ముందే మందు సురక్షితమని చూపాల్సి వచ్చింది. పనిచేస్తుందని కూడా రుజువు చేయాలన్న నిబంధన 1962 దాకా రాలేదు. మన దేశంలో చోప్రా కమిటీ 1930–31లో కల్తీ మందుల సంగతి బయటపెడితే, చట్టం 1940లో వచ్చింది. ఇప్పటికీ మందుల షాపు లైసెన్సు నుంచి బిళ్ల నాణ్యత దాకా అన్నిటికీ ఆ చట్టమే ఆధారం.

లెడర్లేలో సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తమ్ముళ్లూ అన్నలూ పోయిన స్ప్రూ జబ్బుకి పనికొచ్చే విటమిన్ అది. ఆ తరహా పదార్థాలు ఇస్తే లుకేమియా ముదురుతోందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కి అనిపించింది. అలాగైతే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు కావాలి. సుబ్బారావు ల్యాబు నుంచి అమినాప్టెరిన్ వెళ్లింది. 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. అది తాత్కాలికమే, కానీ అప్పటిదాకా ఆ మాత్రం కూడా ఎవరూ చూడలేదు. దానికంటే కాస్త నయంగా పనిచేసిందే మెథోట్రెక్సేట్. బోదకాలుకి వాడే డైఇథైల్ కార్బమజీన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన విభాగం నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం బిళ్ల కూడా రాస్తారు, దుష్ఫలితాలు తగ్గడానికి. రెండూ సుబ్బారావు ల్యాబు బిళ్లలే. ఒకటి వారానికోసారి, రెండోది డాక్టరు చెప్పిన ఇతర రోజుల్లో. తారుమారైతే ముప్పు ఇక్కడే. వారంలో ఏ రోజో చీటీ మీద తెలుగులో రాసిపెట్టండి. గర్భిణులు దాన్ని వాడకూడదు. పక్కన నొప్పి బిళ్లలు వేసుకోవాలంటే డాక్టరుకి చెప్పాలి, కిడ్నీల మీద భారం పడుతుంది. నొప్పులనగానే షాపుకెళ్లి పేరు లేని పొట్లం కట్టించుకోవడం మన ఆత్మకూరు వైపు కూడా మామూలే కదా. పొట్లంలో ఏముందో తెలియకపోతే, తేడా వచ్చినప్పుడు డాక్టరు కూడా ఏమీ చేయలేడు.

స్ట్రిప్ మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. షెడ్యూల్ హెచ్‌1 మందులైతే కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు షాపువాడు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదమని హెచ్చరిక ముద్రించాల్సిన మందులది షెడ్యూల్ జి. ఆ జాబితాలో అమినాప్టెరిన్ పేరుంది. మందు వికటిస్తే ఎవరైనా 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఇది ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు.

ఉద్యోగం మాటకొస్తే, షాపులో మందివ్వడానికి డి.ఫార్మసీ లేదా బి.ఫార్మసీ చేసి ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ ఫార్మసీ చట్టం వచ్చింది కూడా సుబ్బారావు పోయిన 1948లోనే. షాపులు తనిఖీ చేసి శాంపిళ్లు తీసే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి ఫార్మసీ డిగ్రీ ఉండాలి, లేదా క్లినికల్ ఫార్మకాలజీలోనో మైక్రోబయాలజీలోనో ప్రత్యేకత ఉన్న వైద్య డిగ్రీ. మన రాష్ట్రంలో ఈ పోస్టులు ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినప్పుడు పోస్టులూ ఎక్కువుండవు. కాబట్టి బి.ఫార్మసీ చేస్తున్నవాళ్లు 1940 చట్టాన్ని, 1945 రూల్స్‌ని ఇప్పట్నించే చదువుకోవడం మంచిది.