ప్లేటో వెతికిన రాజు

కొండగట్టు అంజన్న గుట్ట కింద ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా రామరాజ్యం మాట వినబడుతుంది. రాజు మంచోడైతే చాలంటారు. అది విన్నప్పుడల్లా మాకు ప్లేటో గుర్తొస్తాడు.

క్రీ.పూ. 427 ప్రాంతంలో ఏథెన్స్‌లో పెద్దింట్లో పుట్టాడు. 399లో అక్కడి ప్రజా న్యాయస్థానం అతని గురువు సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది. జనం పాలన మీద నమ్మకం పోయింది. తత్వవేత్తే రాజు కావాలని 'రిపబ్లిక్' రాశాడు. పాలకుల్లో బంగారం, సైనికుల్లో వెండి, రైతుల్లో చేతిపనివాళ్లలో ఇనుము, కంచు దేవుడే కలిపాడని కథ అల్లాడు. అబద్ధమని తనకూ తెలుసు. ఇనుప ఇంట్లో బంగారు బిడ్డ పుడితే పైకి తేవాలన్నాడు, ఆడవాళ్లూ పాలించొచ్చన్నాడు. మనువు కంటే నయమే. కానీ చెప్పులు కుట్టే మనిషికి పాలనలో చోటు లేదు.

1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ పట్టుకున్నది ఇక్కడే. మనుషులు మూడు గంపల్లో ఇమడరు, చాతుర్వర్ణ్యానిదీ అదే జబ్బు అన్నారు. శిక్ష లేకుండా ఆ ఏర్పాటు నిలవదనడానికి, శంబూకుణ్ని చంపిన రాముణ్నే చూపించారు.

ప్లేటో తన రాజు కోసం సిసిలీలోని సిరక్యూజ్‌కు మూడుసార్లు పోయాడు. మొదటిసారి అక్కడి నియంత డయొనీసియస్ అతణ్ని బానిసగా అమ్మించాడని, ఎవరో డబ్బు కట్టి విడిపించారని పాత కథనాలు. తిరిగొచ్చి అకాడమీ పెట్టాడు. అరవై ఏళ్ల వయసులో ఆ నియంత కొడుకును దిద్దబోయాడు, కుదరలేదు. మళ్లీ వెళ్లి నిర్బంధంలో చిక్కాడు. ముసలితనంలో రాసిన 'చట్టాలు'లో పాలకుడి మీద కూడా చట్టమే ఉండాలన్నాడు. బానిసలకు మాత్రం కొరడా దెబ్బలే రాశాడు.

347లో చనిపోయాడు. అతనిదిగా మిగిలిన వీలునామాలో ఒక బానిస స్త్రీకి స్వేచ్ఛ ఉంది. మరో నలుగురు బానిసల పేర్లు ఆస్తి జాబితాలో ఉన్నాయి.